ఎడమచేతి పిడి

కుడుతున్న జాకెట్టు పక్కకు జరిపి
మిషను బల్ల మీద పాత పేపరు పరిచిన.
ఇద్దయ్య బావ రీలు తెచ్చి దాని మీద పెట్టిండు,
దవాఖానల పసిపిల్లను పండబెట్టినట్టు.
పిడి పట్టి తిప్పి చూసిన.
గర్రు... గర్రు...
ఇసుర్రాయిల బెడ్డ పడ్డ చప్పుడు.

"డిండి ఇసుక" అన్నడు.
"ఒక్క ఇసుకనే కాదు" అన్న.
దారం జారే చిన్న గిలక చూపించిన,
అంచు చుట్టూ తెల్లగ, గట్టిగ,
మా బిందె అడుగున పట్టిన పొక్కే.
గాలం వేసి వచ్చిన ప్రతిసారి
మంచిగ కడిగి పెడతడట,
బోరునీళ్లతోని.

రీలు సంగతి నాకు తెల్వదు.
ఇరవై రెండేండ్ల సంది కుట్టుమిషను సంగతి తెలుసు.
తిరిగేటియన్ని ఒక్క జాతే:
ఒక పండ్ల చక్రం, దాన్ని కరిచే ఇంకో చక్రం,
నడుమ మన బద్ధకం.

దారం చుట్ట ఊడదీసిన.
కింద బిళ్లలు: ఇనుము, నమ్దా, మళ్ల ఇనుము.
తీసిన వరుసలనే స్టీలు పళ్లెంల పేర్చిన.
"తారుమారైతే?"
"పెద్ద చాప గుంజినప్పుడు దారం జారది, తెగుతది."
ఎట్ల చెప్పిన్నో నాకే తెల్వదు,
ఆయనైతే తల ఊపిండు.

మూడు స్క్రూలు.
పక్క రేకు లేస్తే లోపల
మాడిన బెల్లంపాకం లెక్క పాత గ్రీసు.
మూతల గ్యాసునూనె, మా చిన్నోని పాత బ్రష్షు.
పంటి పంటికి నడుమ పదహారో నంబరు సూది.
నూనె నల్లబడ్డది, ఇంకోసారి పోసిన,
అదీ నల్లబడ్డది.
తెల్ల పొక్కు మాత్రం గ్యాసునూనెకు లొంగలే.
నిమ్మచెక్క పిండిన.
బుసబుస పొంగింది.

బావ వంగి చూసిండు.
"గీ నిమ్మకాయ నా మోచేతికి పనిచెయ్యదా?"
నవ్విండు. నేనూ నవ్విన,
నవ్వి సూదిని చూసుకుంట కూసున్న.
ఆయన కుడి చెయ్యి సగం దాకనే వంగుతది.
నలభై ఆరేండ్లు.
ఎక్సురేల ఎముకలు
సున్నం కొట్టిన గోడ లెక్క ఉన్నయట.

ఆరబెట్టి, తుడిచి,
పండ్లకు గ్రీసు రాసిన, అగ్గిపుల్ల కొసతోని.
బేరింగుకు మిషను నూనె, ఒక్క చుక్క.
రెండో చుక్క దుమ్ముకు పెండ్లిపిలుపు.

ఇగ పిడి బిగిద్దామని చూస్తే
ఎడమ దిక్కు ఒక గుండ్రటి మూత.
తిప్పితే వచ్చింది.
కుడి దిక్కున్నట్టే గిక్కడ గూడ తొర్ర!
"బావా, గిది రెండు దిక్కుల పడతది గదా."
ఆయన మాట్లాడలే.
ఆరేండ్లు.
భుజం ఊపి, నడుం తిప్పి,
గట్టు మీద చూసినోళ్లు నవ్వంగ
గుంజుకుంట వచ్చిండు చాపల్ని.
"మూత ఉన్నది గదా,
బందు అనుకున్న" అన్నడు చివరికి.

పిడి ఎడమకు, మూత కుడికి.
ఎడమచెయ్యి మొదట ఉల్టా తిప్పబోయింది,
రీలు ఒప్పలే.
మళ్ల పట్టిండు.
బడికి కొత్తగ పోయిన పోరని లెక్క
ఆగుకుంట, చూసుకుంట, ఒక సుట్టు.
ఇంకోటి.
చప్పుడు లేదు.
చప్పుడు లేదని ఇద్దరం
చెవులు పెట్టి విన్నం.

"ఇగ నల్లనీళ్లతోనే తుడువు, బోరుది వద్దు.
ఆ నీళ్లు మనం తాగినకాడికి సాలు."
పైసలు ఇయ్యబోతే తీసుకోలే.
రవ్వ పడితే తోక దిక్కు ముక్క పంపుమన్న.

పళ్లెంల ఒక సన్న బిళ్ల మిగిలింది.
ఎక్కడిదో నాకు ఎంత ఆలోచించినా యాదికి రాలే.
బావ దాన్ని అంగీ జేబుల వేసుకుండు,
"ఇది లేకనే మంచిగ తిరుగుతున్నది" అనుకుంట.
రేపు మొదటి బస్సుకు డిండి పోతడట.

జాకెట్టు మళ్ల ముందట వేసుకున్న.
లైనింగు మీద నల్లగ
నా బొటనవేలి ముద్ర.
లంకలపల్లి సుగుణమ్మ
సాయంత్రం వస్తది దీనికోసం.
నిమ్మచెక్క ఇంకొంచెం మిగిలినట్టుంది,
చూడాలె.